నెలలు నిండకముందు కాన్పు: తొలి నెలల్లోనే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

37 వారాలు నిండకముందే వచ్చే కాన్పుల్లో కొన్నింటికి కారణం చాలా ముందే, నొప్పీ జ్వరమూ లేని రోజుల్లోనే మొదలవుతుంది. మూత్రంలోనో యోనిలోనో హానిచేసే బ్యాక్టీరియా పెరిగితే రక్షణ కణాలు సైటోకైన్లనే రసాయనాలను వదులుతాయి. వాటివల్ల ప్రోస్టాగ్లాండిన్లు పెరుగుతాయి. కాన్పప్పుడు గర్భసంచిని ముడుచుకునేలా చేసేవీ, దాని ముఖద్వారాన్ని మెత్తబరిచేవీ ఇవే. ఇలా ఇన్ఫెక్షన్ వల్ల లోపల వచ్చే వాపు ఎక్కువైతే ఉమ్మనీటి సంచి పొర కూడా బలహీనపడుతుంది.

అందుకే మొదటి చెకప్‌లోనే, ఆలస్యమైనా 16 వారాలలోపు, యూరిన్ కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించుకోండి. మంట లేదు కదా అని వదిలేయకండి. గర్భంతో ఉన్నప్పుడు మూత్రనాళాలు వదులై మూత్రం నిలవ ఉంటుంది కాబట్టి, లక్షణాల్లేని ఇన్ఫెక్షన్ కూడా కిడ్నీలకు పాకగలదు. మూత్రంలో పట్టీ ముంచి చూసే స్ట్రిప్ పరీక్ష ఒక్కటే సరిపోదు, ఇలాంటి ఇన్ఫెక్షన్ దానికి చాలాసార్లు దొరకదు.

శాంపిల్ ఇవ్వడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ముందు నుంచి వెనక్కి నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలో వచ్చేది స్టెరైల్ డబ్బాలో పట్టాలి. డబ్బా లోపలి అంచు చేతికి తగలకూడదు. గంటలోపు ల్యాబ్‌కు చేరకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి, బయట ఉంటే బ్యాక్టీరియా పెరిగి రిపోర్టు తప్పుతుంది. 'మిక్స్‌డ్ గ్రోత్' (రకరకాల బ్యాక్టీరియా కలిసి పెరిగాయి) అని వస్తే శాంపిల్ కలుషితమై ఉండొచ్చు, మళ్లీ ఇవ్వండి. మిల్లీలీటరుకు లక్ష, ఆపైన ఒకే రకం బ్యాక్టీరియా ఉంటే మందు అవసరం. యాంటీబయాటిక్ డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. కోర్సు అయ్యాక వారం, రెండు వారాల్లో మళ్లీ కల్చర్ చేయిస్తేనే తగ్గిందో లేదో తెలుస్తుంది. ఈ రెండో పరీక్షనే చాలామంది మరిచిపోతారు.

గర్భంలో తెల్లబట్ట కొంత పెరగడం మామూలే. పలచగా, బూడిదరంగులో, చేపవాసనతో అవుతుంటే మాత్రం చూపించుకోండి. వాసన పోవాలని యోని లోపల కడగొద్దు, లాక్టోబాసిల్లై అనే మేలుచేసే బ్యాక్టీరియా కొట్టుకుపోతాయి. ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పయి ఉంటే మొదటి రోజే డాక్టరుకు చెప్పండి.

చిగుళ్లలో రక్తం వస్తుంటే పళ్లు క్లీనింగ్ చేయించుకోవడం సురక్షితమే. అదొక్కటే ముందస్తు కాన్పును ఆపుతుందని తేలలేదు, అయినా నోట్లో ఇన్ఫెక్షన్‌ను ఉంచుకోవడం మంచిది కాదు.

వాపు తగ్గుతుందని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. 20 వారాలు దాటాక ఇవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీటిని తగ్గించగలవు. తక్కువ మోతాదు ఆస్పిరిన్ కూడా డాక్టరు చెబితేనే మొదలుపెట్టాలి, చెబితేనే ఆపాలి.

38 డిగ్రీల సెల్సియస్, ఆపైన జ్వరం, చలితో వణుకు, నడుం పక్కన నొప్పి, నీరు కారడం, రక్తం కనబడడం, పొట్ట మాటిమాటికీ గట్టిపడడం: వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ముందస్తు కాన్పు తప్పదనిపిస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పూర్తిగా పనిచేయడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అందుకే ఆలస్యం చేయొద్దు.