గౌనుకి జేబు: బరువు నడుం మీద పడేలా కుట్టడం

"అక్కా, దీనికి జేబు పెడతావా?" అంటూ అంబ్రెల్లా గౌన్లు పట్టుకొచ్చే కాలేజీ పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. పక్క కుట్టు విప్పి సంచి అతికించేస్తే జేబైతే అవుతుంది. అందులో ఫోను వేసుకుని నాలుగడుగులు నడిచారో, గౌను ఆ పక్కకి లాగేస్తుంది, ఫోను తొడకి కొట్టుకుంటుంది. బరువు మొయ్యాల్సింది నడుం కుట్టు. కాబట్టి నడుం దగ్గర అతుకున్న గౌనుకే ఈ పద్ధతి. నిలువుగా ఒకే ముక్కలో ఉన్న కుర్తీకి కుదరదు.

ఇంగ్లండులో 18వ శతాబ్దపు ఆడవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. వాళ్ల జేబు బట్టకి కుట్టింది కాదు. నాడాతో నడుముకి కట్టుకునే విడి సంచి. పావడా పక్కన వదిలిన చీలికలోంచి చెయ్యి పెట్టి తీసుకునేవాళ్లు.

సంచికి జారే బట్ట వద్దు, పాప్లిన్ తీసుకోండి. ముందు నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యండి. లేకపోతే మొదటి ఉతుక్కే ముడుచుకుపోయి జేబు నోరు వంకర పోతుంది. ఒక్కో జేబుకి 7½ అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవున్న ముక్కలు రెండు కావాలి. కింద మూలలు గుండ్రంగా కత్తిరించండి, చిల్లర ఇరుక్కోదు.

పక్క కుట్టు నడుం నుంచి కిందికి 14 అంగుళాలు, నడుం కుట్టు ముందువైపుకి 8 అంగుళాలు విప్పండి. ఒక ముక్క ముందు భాగం అంచుకి, రెండోది వెనక భాగం అంచుకి, సీదా (బట్ట బయటికి కనపడే వైపు) మీద సీదా పెట్టి పావు అంగుళంలో అతికించండి. ఇస్త్రీతో ముక్కల్ని బయటికి మడవండి. ఇప్పుడు పక్క కుట్టు పాత గీత మీదే వెయ్యాలి: పైన 2 అంగుళాలు మూసి, 6½ అంగుళాలు నోటికి వదిలి, కిందిది మూసెయ్యాలి. పాత గీత పావు అంగుళం కంటే లోపలికి ఉంటుంది కాబట్టి నోటి దగ్గర గౌను బట్టే లోపలికి మడుస్తుంది, పాప్లిన్ బయటికి కనపడదు. తర్వాత సంచి అడుగూ రెండో పక్కా రెండు వరసలు కుట్టండి.

నోటి రెండు కొసల్లో మిషన్ ముందుకీ వెనక్కీ మూడు నాలుగుసార్లు తిప్పండి. జేబు చిరిగేది అక్కడే. అమెరికాలో రీనో ఊరి దర్జీ జేకబ్ డేవిస్ పని ప్యాంట్లకి అక్కడ రాగి రివెట్లు కొట్టాడు. లీవై స్ట్రాస్‌తో కలిసి 1873లో దానికి పేటెంటూ తీసుకున్నాడు. జీన్స్ జేబుకి ఇప్పటికీ కనిపించే ఆ చుక్కలు సోకు కోసం పుట్టినవి కావు.

ఇక సంచిని ముందువైపుకి వాల్చి, రెండు పొరల పైఅంచూ నడుం కుట్టులోకి దూర్చి గుండుసూదులు పెట్టండి. కుట్టేముందు ఫోను వేసి గౌను తొడుక్కుని మెట్లెక్కి చూడండి. ఇంకా ఊగుతుంటే పైఅంచు మరో అరంగుళం పైకి లాగి కుట్టండి.

చీర కట్టేవాళ్లకైతే సంచి పైఅంచు లంగా బొందు పట్టీలో కలిపి కుడతాను. నోటికి జిప్పు పెట్టించుకుంటే బస్సులో కూర్చున్నా డబ్బులు జారవు.