గళ్ళ కాగితంతో కంటి కాపలా: 4వ పాఠం

కంట్లో కొత్త రక్తనాళాలు ఎందుకు పుడతాయో పోయిన పాఠంలో చూశాం. శివారు పొలానికి నీరు అందకపోతే రైతు కాలవ గట్టుకు గండి కొడతాడు కదా, అలాగే షుగరు వల్ల కంటి వెనక తెరలాంటి రెటీనాలో ఓ మూలకు రక్తం అందకపోతే అక్కడి కణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ వదిలి కొత్త నాళాలను పుట్టిస్తాయి. వయసు మీద పడ్డవాళ్ళలో కొందరికి ఇవి రెటీనా కింది పొర నుంచి పైకి పాకుతాయి. రెండు చోట్లా ఇవి నాసిరకం నాళాలే. వయసు మళ్ళినవాళ్ళలో వీటి నుంచి, షుగరు ఉన్నవాళ్ళలో ఎక్కువగా దెబ్బతిన్న పాత నాళాల నుంచి నీరు ఊరి, చూపుకు నడిమధ్య ఉండే మాక్యులా ఉబ్బుతుంది.

2006లో వచ్చిన రానిబిజుమాబ్, 2011లో వచ్చిన అఫ్లిబెర్సెప్ట్ ఆ ప్రోటీన్‌ను పట్టేసే మందులు. కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. 2022లో అమెరికాలో అనుమతి పొందిన ఫారిసిమాబ్, నాళాలను బలహీనపరిచే ఆంజియోపొయిటిన్-2 అనే ఇంకో ప్రోటీన్‌ను కూడా అడ్డుకుంటుంది. 2023లో అఫ్లిబెర్సెప్ట్ 2 మిల్లీగ్రాముల బదులు 8 మిల్లీగ్రాముల మోతాదులో వచ్చింది. మొదటి నెలవారీ ఇంజెక్షన్లు అయ్యాక, ఈ రెండింటితో కొందరికి 16 వారాల దాకా ఎడం ఇవ్వొచ్చు. లంక ఊరి నుంచి పంటు దాటి, బస్సెక్కి రాజమండ్రి వచ్చే పెద్దవాళ్ళకు ఇది ఎంత ఊరటో నాకు తెలుసు. కానీ ఆ ఎడం ఎంతో స్కాన్ చూసి డాక్టరుగారు చెప్పాలి, మనకు మనం పెంచుకోకూడదు.

ఇక ఈ పాఠంలో నేర్చుకునే పని. అర సెంటీమీటరు గళ్ళున్న కాగితం మీద అటు 20, ఇటు 20 గళ్ళ చదరం గీసి, మధ్యలో నల్లటి చుక్క పెట్టండి. చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని, 30 సెంటీమీటర్ల స్కూలు స్కేలంత దూరంలో కాగితం పట్టుకోండి. ఒక కన్ను అరచేత్తో మూయండి, నొక్కకండి. చూపు చుక్క మీదే ఉంచి, గీతలు ఎక్కడన్నా వంకరపోయాయా, గళ్ళు మాయమయ్యాయా గమనించండి. తర్వాత రెండో కన్ను.

రెండు కళ్ళూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డకంటి లోపాన్ని కప్పేస్తుంది. మా అమ్మకు జరిగింది అదే. ఓ రోజు కుడి కంట్లో నలక పడి మూసుకుంది. "ఒరేయ్ అబ్బాయ్, గుమ్మం నడుం వంగిందేంట్రా, వడ్రంగిని పిలు" అంది. వడ్రంగి వచ్చి, దారం కట్టి చూసి, గుమ్మం నిటారుగానే ఉందన్నాకే ఆసుపత్రికి వెళ్ళాం. అలా ఆలస్యమైన పది రోజులు ఇప్పటికీ నన్ను బాధపెడతాయి.

షుగరు ఉన్నవాళ్ళకు ఈ కాగితం ఒక్కటే చాలదు. రెటీనా అంచుల్లో పుట్టిన నాళాలు ఇందులో కనపడవు. ఏడాదికోసారైనా చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాల్సిందే.

ఇంజెక్షన్ అయిన కొద్ది రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగి చూపు మసకబారితే, ఆదివారమైనా, పండగైనా, ఆ పూటే బయల్దేరండి. అది ఇన్ఫెక్షన్ కావచ్చు.

ఈ వారం రోజూ ఒకే వెలుతురులో పరీక్ష చేసి, తేదీ వేసి, వంకర కనపడిన గళ్ళ మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి. కొత్త వంకర కనపడితే వారం ఆగొద్దు, వెంటనే చూపించుకోండి. 5వ పాఠంలో రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ రిపోర్టు చదువుదాం, మీ పాతది ఉంటే తీసి పెట్టుకోండి.