చలికాలంలో బాయిలర్ రిపేరుకు ముందు జాగ్రత్తలు

ఇక్కడ బాయిలర్ అంటే గ్యాస్‌తో నీళ్లు కాచి ఇంటిని వెచ్చబరిచే యంత్రం. గ్యాస్ వాసన వస్తే రిపేరు సంగతి తర్వాత. ఏ స్విచ్చూ ముట్టుకోకండి. కిటికీలు తీసి, బయటికొచ్చి గ్యాస్ ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు, దాన్ని పసిగట్టడానికి అలారమే దిక్కు.

మెకానిక్‌ని పిలిచే ముందు:

- ఎర్రర్ కోడ్ ఫొటో తీసుకోండి.
- బాయిలర్ మీటర్‌లో నీటి ప్రెషర్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 1 నుంచి 1.5 బార్ (ప్రెషర్ కొలత) ఉండాలి.
- గడ్డకట్టే చలిలో ఆగిపోయిందా? టెన్షన్ పడకండి, తప్పు బాయిలర్‌ది కాకపోవచ్చు. కండెన్సింగ్ బాయిలర్ (పొగలోని వేడిని కూడా వాడుకునే రకం) అయితే, నీళ్లు బయటికి వదిలే సన్నటి ప్లాస్టిక్ పైపులో మంచు పట్టి ఉండొచ్చు. దాని మీద గోరువెచ్చని నీళ్లు పోయండి. మరిగే నీళ్లు పోస్తే పైపు పగలొచ్చు.
- బాయిలర్ మూత మాత్రం మీరు విప్పొద్దు. గ్యాస్ పనికి లైసెన్స్ ఉన్నవాళ్లే రావాలి.

కొత్త బాయిలర్ పెట్టిస్తుంటే, ఇంటికి ఎంత వేడి కావాలో లెక్కగట్టమనండి. పాత సైజే చాలనడం బద్ధకం. పాత పైపులు కడిగించాకే బిగించాలి.

బాయిలర్ బాగయ్యేలోగా వాడే కరెంటు హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాకుండా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి.