రాత్రంతా ఒకే నక్షత్రం మీద: చిన్న కంప్యూటర్‌తో ఆటోగైడింగ్

ఫిల్మ్ కెమెరాల రోజుల్లో నేను గైడింగ్, అంటే ఫొటో తీస్తున్నంతసేపూ టెలిస్కోప్ నక్షత్రం మీంచి జరగకుండా చూడటం, చేత్తోనే చేసేవాణ్ని. ఎర్రటి గీతలు వెలిగే ఐపీస్‌కి కన్ను ఆనించి, ఆ రెండు గీతలు కలిసే చోట ఒక నక్షత్రాన్ని నిలబెట్టి, అది పక్కకు జరిగినప్పుడల్లా బటన్ నొక్కి వెనక్కి తెచ్చేవాణ్ని. నలభై నిమిషాల ఎక్స్‌పోజర్ అంటే నలభై నిమిషాలూ మెడ వంచుకుని కూర్చోవడమే. ఇప్పుడు ఆ పని నా టెలిస్కోప్ మీద కట్టిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు చేస్తోంది. నా బొటనవేలు చేసిన పనే, ఇంకా ఓపికగా.

ఇంత చిన్న బోర్డు సరిపోతుందా, ల్యాప్‌టాప్ ఉంటేనే మంచిదా అని చాలామందికి అనుమానం. పని ఎంతో లెక్క వేసి చూడండి. నా గైడ్ కెమెరా (పక్కనున్న చిన్న గైడ్ స్కోప్‌లోంచి ఆ నక్షత్రాన్ని చూసేది) 1280 × 960, అంటే ఫ్రేముకు సుమారు 12 లక్షల పిక్సెళ్లు. అలాంటి ఫ్రేము రెండు మూడు సెకన్లకు ఒకటి వస్తుంది. అందులో నక్షత్రం చుట్టూ ఉన్న చిన్న గడిలో వెలుగు మధ్య బిందువు ఎక్కడుందో చూసి, కిందటిసారి కంటే ఎంత జరిగిందో లెక్కగట్టి, మౌంట్‌కి (టెలిస్కోప్‌ని మోసి తిప్పే మోటారు పీఠానికి) కొన్ని మిల్లీసెకన్ల పల్స్, అంటే కొద్దిగా జరగమనే ఆజ్ఞ, పంపాలి. అంతే. దీనికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. నాకు ఎదురైన ఇబ్బందుల్లో దాదాపు అన్నీ కరెంటు దగ్గర, తీగల దగ్గర, గడియారం దగ్గర, మౌంట్ బిగింపుల దగ్గర వచ్చినవే. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తాను.

ముందు మీ లెక్క వేసుకోండి

ఆకాశం సెకనుకు సుమారు 15 ఆర్క్‌సెకన్లు (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది. మౌంట్ దాన్ని వెంబడిస్తుంది కానీ, లోపలి వార్మ్ గేర్ (మరలాంటి కడ్డీ పళ్ల చక్రాన్ని తిప్పే ఏర్పాటు) ఎంత బాగా చేసినా కొద్దిగా ముందుకూ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊగు ఎంతసేపటికి ఒకసారి తిరిగొస్తుందో తెలుసుకోవడం తేలిక. నక్షత్ర దినం, అంటే నక్షత్రాల లెక్కన భూమి ఒక చుట్టు తిరిగే సమయం, 86,164 సెకన్లు. దాన్ని వార్మ్ వీల్ పళ్ల సంఖ్యతో భాగించండి. 135 పళ్లుంటే 638 సెకన్లు, 180 పళ్లుంటే 479 సెకన్లు. మీ గైడింగ్ గ్రాఫ్‌లో ఆర్‌ఏ (తూర్పు-పడమర కదలిక) గీత అంత వ్యవధిలో అలలా లేచి పడుతుంటే కారణం అదే.

ఇక ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఎంత మేర చూస్తుందో చూడాలి. పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206.265తో గుణించి, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగిస్తే ఆర్క్‌సెకన్లు వస్తాయి. నా ప్రధాన టెలిస్కోప్ 420 మి.మీ., కెమెరా పిక్సెల్ 3.76 మైక్రాన్లు, కాబట్టి 1.85 ఆర్క్‌సెకన్లు. గైడ్ స్కోప్ 120 మి.మీ., పిక్సెల్ 3.75 మైక్రాన్లు, అంటే 6.45. గైడ్ కెమెరా పిక్సెల్ ఇంత పెద్దదైతే ఎలా అని కంగారు పడకండి. నక్షత్రం కొన్ని పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది కాబట్టి, దాని మధ్య బిందువును సాఫ్ట్‌వేర్ పిక్సెల్‌లో పదో వంతు దాకా పట్టుకోగలదు. నా గైడింగ్ లోపం, అంటే ఆర్‌ఎంఎస్, ఎప్పుడూ 1.85 లోపు ఉండాలని చూస్తాను. అందులో సగానికి వస్తే ఆ రాత్రి ఫొటోలు నిశ్చింతగా తీసుకుంటాను.

కరెంటు, తీగలు, గడియారం

పై 4కి 5 వోల్టులు, 3 యాంపియర్లు ఇవ్వగల సప్లై కావాలి. గైడింగ్, ఫొటోలు రెండూ నడుస్తున్నప్పుడు నా బోర్డు తీసుకునేది 5 వాట్ల దగ్గర. ఎనిమిది గంటలకు 40 వాట్-అవర్లు. 12 వోల్టుల, 20 యాంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 240కి పైగా ఉంటాయి కాబట్టి మౌంట్‌కీ, లెన్స్‌కి మంచు పట్టకుండా చూసే డ్యూ హీటర్‌కీ బోలెడు మిగులుతుంది. ల్యాప్‌టాప్ వదిలేయడానికి నాకు ఇదొక్కటే చాలు.

మొదట్లో సన్నటి ఫోన్ ఛార్జింగ్ కేబుల్ వాడాను. అర్ధరాత్రి దాటాక గైడ్ కెమెరా ఉన్నట్టుండి మాయమయ్యేది. మళ్లీ కనెక్ట్ చేస్తే వచ్చేది, పావుగంటకి మళ్లీ పోయేది. మూడు రాత్రులు డ్రైవర్లను మార్చుతూ పోగొట్టుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, పొడవాటి సన్నటి తీగలో వోల్టేజ్ పడిపోయి బోర్డు దగ్గరికి వచ్చేసరికి 4.63 వోల్టుల కిందికి పోతోంది. ఆ హద్దు దాటితే స్క్రీన్ మీద పసుపు మెరుపు గుర్తు కనిపిస్తుంది. అది ఒక్కసారి కనిపించినా మిగతా పనులన్నీ ఆపి ముందు కేబుల్ మార్చండి. 12 వోల్టులను 5కి దించే కన్వర్టర్‌ని బ్యాటరీ దగ్గర కాకుండా బోర్డు పక్కనే పెట్టి, అక్కణ్నుంచి మందపాటి పొట్టి తీగ వేయండి. పై 4 యూఎస్‌బీ పోర్టులు నాలుగూ కలిపి 1.2 యాంపియర్లే ఇవ్వగలవు. ప్రధాన కెమెరా, గైడ్ కెమెరా, ఫోకసర్ (ఫోకస్ సరిచేసే మోటారు) అన్నీ దాని మీదే ఆధారపడితే కష్టం. సొంత పవర్ ఉన్న యూఎస్‌బీ హబ్ ఒకటి పెట్టుకోండి.

బోర్డును ట్రైపాడ్ కాలికి కట్టకండి, టెలిస్కోప్ ట్యూబ్ మీదే బిగించండి. అప్పుడు కెమెరా తీగలన్నీ ట్యూబ్‌తో పాటే తిరుగుతాయి. కిందికి వేలాడేవి పవర్ తీగ, మౌంట్ తీగ, ఈ రెండే. వేలాడే తీగ ట్రైపాడ్‌కి ఎక్కడైనా తగిలి లాగితే నక్షత్రం ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. చీకట్లో ఆ కారణం కనిపెట్టడం చాలా కష్టం. యూఎస్‌బీ 3 తీగలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడతాయి, అందుకే బోర్డును 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టుకోండి.

గడియారం సంగతి చాలామంది మరిచిపోతారు. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ లేని చోట ఆన్ చేస్తే కిందటిసారి ఆపినప్పటి సమయమే ఇప్పటి సమయం అనుకుంటుంది. గంట తేడా అంటే ఆకాశంలో 15 డిగ్రీలు. ఒకసారి నేను ఆండ్రోమెడా గెలాక్సీకి వెళ్లమంటే టెలిస్కోప్ నేల వైపు వంగడం మొదలుపెట్టింది. వెంటనే ఆపేశాను కాబట్టి ట్యూబ్ ట్రైపాడ్‌కి తగల్లేదు. డీఎస్3231 అనే చిన్న గడియారపు మాడ్యూల్ గానీ, యూఎస్‌బీ జీపీఎస్ గానీ తగిలించండి. అవేవీ లేకపోతే మౌంట్‌ని కదిలించే ముందు తేదీ, టైము, టైమ్ జోన్ మీ కళ్లతో చూసి సరిచేయండి.

సాఫ్ట్‌వేర్

కెమెరాతో, మౌంట్‌తో మాట్లాడే డ్రైవర్లను ఇండి సర్వర్ నడుపుతుంది. గైడింగ్‌కి పీహెచ్‌డీ2, ఫొటోలకీ, టార్గెట్ మీదికి వెళ్లడానికీ కేస్టార్స్‌లోని ఎకోస్. మూడూ ఉచితమే. విడివిడిగా ఇన్‌స్టాల్ చేయడం ఇబ్బంది అనిపిస్తే ఇవన్నీ కలిపి తయారుగా ఉన్న ఇమేజ్ ఫైలు దొరుకుతుంది, దాన్ని ఎస్‌డీ కార్డులో వేసుకుంటే సరి. మౌంట్‌కీ ఫోకసర్‌కీ రెండు సీరియల్ కేబుళ్లుంటే, ఆన్ చేసినప్పుడల్లా వాటి పోర్టు పేర్లు తారుమారు కావచ్చు. ఎకోస్‌లోని సీరియల్ పోర్ట్ అసిస్టెంట్‌తో ఒక్కసారి పేర్లు స్థిరం చేసుకుంటే ఆ బాధ ఉండదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతాను. గైడింగ్ లూప్ మొత్తం బోర్డు మీదే నడవాలి. ఫ్రేములను వైఫైలో లోపలున్న ల్యాప్‌టాప్‌కి పంపి, అక్కడ లెక్క వేసి, ఆజ్ఞ వెనక్కి పంపే ఏర్పాటు పెట్టుకోవద్దు. మీ ఫోనో ట్యాబ్లెటో వీఎన్‌సీతో బోర్డు స్క్రీన్‌ని చూడటానికి మాత్రమే. వైఫై తెగిపోయినా మీకు బొమ్మ కనిపించదు, అంతే. గైడింగ్ ఆగదు. మానిటర్ లేకుండా వాడతారు కాబట్టి వీఎన్‌సీ రిజల్యూషన్‌ని ముందే సెట్ చేసి, బోర్డు తానే హాట్‌స్పాట్ అయ్యేలా పగలే చేసి చూసుకోండి.

మౌంట్‌కి పల్స్‌లు పంపడానికి గైడ్ కెమెరా వెనకుండే ఎస్‌టీ-4 తీగ వాడకండి. మౌంట్ డ్రైవర్ ద్వారానే పంపండి. అప్పుడు టెలిస్కోప్ ఏ డెక్లినేషన్‌లో (ఖగోళ మధ్యరేఖకి ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన), మౌంట్‌కి ఏ వైపున ఉందో పీహెచ్‌డీ2కి తెలుస్తుంది. టార్గెట్ మారినా, మెరిడియన్ (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోయే గీత) దాటి తిప్పినా పాత క్యాలిబ్రేషన్, అంటే ఎంత పల్స్‌కి నక్షత్రం ఎటు, ఎంత జరుగుతుందో కొలిచి పెట్టుకున్న లెక్క, పనికొస్తుంది. ఒక తీగ కూడా తగ్గుతుంది.

మొదటి రాత్రి

పోలార్ అలైన్‌మెంట్, అంటే మౌంట్ ఇరుసును ఖగోళ ధ్రువం వైపు సరిపెట్టడం, ఎకోస్ అసిస్టెంట్‌తో చేయండి. రెండు మూడు ఆర్క్‌మినిట్ల లోపు వస్తే చాలు, ఇంకా తగ్గించాలని గంట గడపొద్దు. తర్వాత పీహెచ్‌డీ2 ప్రొఫైల్‌లో గైడ్ స్కోప్ ఫోకల్ లెంగ్త్, పిక్సెల్ సైజు సరిగ్గా ఇవ్వండి. ఇవి తప్పితే తర్వాత కనిపించే ఆర్క్‌సెకన్లన్నీ తప్పే. గైడ్ స్కోప్‌కి మూత పెట్టి డార్క్ ఫ్రేములు తీయండి. లేకపోతే వేడి పిక్సెల్‌నే (వెలుగు పడకపోయినా వెలిగే పిక్సెల్‌నే) నక్షత్రం అనుకుని సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు గ్రాఫ్ ఎంతో తిన్నగా ఉంటుంది, ఫొటోలో మాత్రం నక్షత్రాలన్నీ గీతలవుతాయి.

క్యాలిబ్రేషన్‌ని ఖగోళ మధ్యరేఖ దగ్గర, మెరిడియన్‌కి పక్కనే చేయాలి. మీ టార్గెట్ ధ్రువం దగ్గరున్నా సరే, ముందు ఇక్కడే. ధ్రువం దగ్గర ఆర్‌ఏ కదలిక చిన్నగా కనిపిస్తుంది కాబట్టి కొలత నమ్మకంగా రాదు. క్యాలిబ్రేషన్ అయ్యాక గైడ్ కెమెరాను తిప్పితే అది చెల్లదు, మళ్లీ చేయాల్సిందే.

అది అయ్యాక గైడింగ్ అసిస్టెంట్‌ని కనీసం ఐదు నిమిషాలు నడవనివ్వండి. పల్స్‌లు ఆపేసి నక్షత్రం తనంతట తాను ఎలా కదులుతోందో చూసి, మినిమమ్ మూవ్ (నక్షత్రం కనీసం ఎంత జరిగితే పల్స్ పంపాలనే హద్దు) ఎంత పెట్టాలో చెబుతుంది. ఆ సంఖ్య ఎందుకో నాకు చేతి గైడింగే నేర్పింది. కొత్తలో నక్షత్రం మినుక్కుమన్న ప్రతిసారీ బటన్ నొక్కేవాణ్ని. నక్షత్రం జరగలేదు, గాలి పొరలు దాన్ని వణికించాయంతే. నేను నొక్కగానే మౌంట్ నిజంగానే జరిగిపోయేది, మళ్లీ వెనక్కి నొక్కాల్సి వచ్చేది. నాలుగైదు ఫిల్ములు అలా పాడయ్యాక, రెండు మూడు క్షణాలు ఆగి, నిజంగా పక్కకు పోతోందని తేలాకే నొక్కడం అలవాటైంది. పీహెచ్‌డీ2లో ఎక్స్‌పోజర్ రెండు మూడు సెకన్లు పెట్టడం, మినిమమ్ మూవ్ పెంచడం, అగ్రెసివ్‌నెస్ (కొలిచిన లోపంలో ఎంత వంతు ఒకేసారి సరిచేయాలనేది) తగ్గించడం అన్నీ ఆ ఆగడమే. మల్టీ-స్టార్ గైడింగ్ కూడా ఆన్ చేయండి. గాలి ఒక్కో నక్షత్రాన్ని ఒక్కోలా వణికిస్తుంది కాబట్టి పది నక్షత్రాల సగటు ఒక్కదాని కంటే నిలకడగా ఉంటుంది.

గ్రాఫ్ చదవడం

గీత రంపపు పళ్లలా పైకీ కిందికీ కొడుతుంటే మీరు గాలిని తరుముతున్నట్టు. అగ్రెసివ్‌నెస్ తగ్గించండి. డెక్ (డెక్లినేషన్, అంటే ఉత్తర-దక్షిణ కదలిక) గీత ఒకే వైపు మెల్లగా జారుతుంటే పోలార్ అలైన్‌మెంట్ చూసుకోండి. డెక్ పల్స్‌కి కాసేపు స్పందించకుండా ఉండి తర్వాత ఒక్కసారిగా దూకితే గేర్లలో సందు ఎక్కువుంది. అప్పుడు నక్షత్రం ఎటు జారుతోందో చూసి, దానికి ఎదురు దిశలో మాత్రమే డెక్ పల్స్‌లు వెళ్లేలా పెట్టేస్తాను, గొడవ తగ్గుతుంది. ఆర్‌ఏ ఒక్కటే బాగోకపోతే బ్యాలెన్స్‌ని తూర్పు వైపు కొంచెం బరువుగా ఉంచండి, గేరు పళ్లు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. రెండు గీతలూ ఒకేసారి ఎగిరితే గాలి విసురో, తీగ తగలడమో.

గ్రాఫ్ చక్కగా ఉండి, వేడి పిక్సెల్ కూడా కాకపోయినా ఫొటోలో నక్షత్రాలు సాగితే, గైడ్ స్కోప్ ప్రధాన ట్యూబ్‌తో కలిసి కదలడం లేదని అర్థం. సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా స్క్రూలు బిగించండి. గైడ్ స్కోప్‌ని రెండు రింగులతో పట్టి ఉంచండి, ఒక్క కాలి మీద నిలబెట్టొద్దు. 1000 మి.మీ. దాటిన టెలిస్కోపులకైతే విడి గైడ్ స్కోప్ కంటే ఆఫ్-యాక్సిస్ గైడరే మేలు. ప్రధాన ట్యూబ్‌లోంచే వెలుగు తీసుకుంటుంది కాబట్టి ఈ తేడాకి చోటే ఉండదు.

తెల్లవారాక ఆత్రంగా తీగ పీకేయకండి. నా ఎస్‌డీ కార్డు ఒకటి అలాగే పోయింది, ఆ రాత్రి ఫొటోలన్నీ దానితోపాటే పోయాయి. ముందు మౌంట్‌ని పార్క్ చేసి, ఎకోస్‌లో అన్నీ డిస్‌కనెక్ట్ చేసి, బోర్డుకి షట్‌డౌన్ చెప్పండి. ఆకుపచ్చ లైటు మినుకుమినుకుమనడం పూర్తిగా ఆగాకే బ్యాటరీ తీయండి.