కొండెక్కే ముందు ఇది చదవండి: ఆగిపోయినవాణ్ణి ఒంటరిగా దింపకండి

పోయిన ఆదివారం మేం తొమ్మిదిమంది స్నేహితులం ట్రెక్కింగ్‌కి వెళ్ళాం. పైకి చేరింది ఎనిమిదిమందిమే. సగం దారిలో ఒకడు మోకాలు నొప్పి అని ఆగిపోయి, "మీరు వెళ్ళండ్రా, నేను మెల్లగా దిగి బండి దగ్గర కూర్చుంటా" అన్నాడు. సరే అన్నాం. పట్టపగలు, వచ్చిన దారే, చేతిలో ఫోన్ ఉంది కదా అనుకున్నాం. నాలుగున్నరకి మేం దిగేసరికి బండి దగ్గర ఎవరూ లేరు. ఫోన్ స్విచ్ ఆఫ్. చీకటి పడ్డాక, ఏడున్నర ప్రాంతంలో, దారికి బాగా ఎడంగా ఒక వాగు పక్కన దొరికాడు. చీలమండ బెణికింది, బట్టలు తడిసిపోయాయి, వణుకు ఆగడం లేదు. ఇప్పుడు కోలుకున్నాడు. కానీ ఆ మూడు గంటలు మేం పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదు.

నీళ్ళు తీసుకెళ్ళండి, మంచి బూట్లు వేసుకోండి లాంటివి మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

గుంపు ఎలా చెదురుతుంది

విడిపోదామని ఎవరూ అనుకోరు. చురుగ్గా నడిచేవాళ్ళు ముందు వెళ్ళి ఒకచోట కూర్చుంటారు. వెనకవాడు ఆయాసపడుతూ అక్కడికి చేరగానే, "వచ్చాడు, పదండి" అని లేస్తారు. వాళ్ళకి పది నిమిషాల విశ్రాంతి, వాడికి సున్నా. అలా మూడుసార్లు జరిగాక, అందరినీ ఆపుతున్నానన్న మొహమాటంతో వాడే "మీరు వెళ్ళండి" అంటాడు. ఆ మాట వాడి కాళ్ళు అనిపించిన మాట. దాన్ని సరేనని ఒప్పుకోవడమే మేం చేసిన తప్పు. ఇంతకుముందు వేరే గుంపుల్లో కూడా ఇదే చూశాను, ప్రతిసారీ ఇలాగే మొదలైంది.

వచ్చిన దారే కదా, తప్పిపోవడం ఏమిటి అని మీకనిపించవచ్చు. ఎక్కేటప్పుడు పక్కనుంచి వచ్చి మన బాటలో కలిసే చిన్న దారులు కంటికి ఆనవు. దిగేటప్పుడు అవే ఎదురుగా చీలికలై నిలబడతాయి. మావాడు రెండో చీలిక దగ్గరే తప్పాడు. అందుకే ఎక్కేటప్పుడు మధ్యమధ్యలో వెనక్కి తిరిగి దారి చూసుకుంటూ ఉండాలి.

కాబట్టి బయల్దేరేటప్పుడే ఈ మాటలు అనుకోండి. నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుండాలి, గుంపు వేగం వాళ్ళదే. దారి తెలిసిన గట్టి మనిషి చిట్టచివర నడవాలి, అతని వెనక ఎవరూ మిగలకూడదు. విశ్రాంతి లెక్క చివరివాడు కూర్చున్న క్షణం నుంచి మొదలవుతుంది. దారి చీలిన ప్రతిచోటా అందరూ వచ్చేదాకా ఆగాలి. ఎవరైనా వెనక్కి వెళ్ళాల్సి వస్తే కనీసం ఇద్దరు తోడు వెళ్ళాలి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుంటారు, ఒకరు సాయం కోసం వెళ్తారు. అంతమంది లేకపోతే అందరూ దిగండి. కొండ ఎక్కడికీ పోదు.

వసంతకాలంలో ఏం మారుతుంది

కింద ఎండ హాయిగా ఉందని పల్చటి కాటన్ చొక్కాతో వెళ్తారు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, గాలి తోడైతే చలి ఇంకా ఎక్కువ. చెమటకి తడిసిన కాటన్ తొందరగా ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే కిందికి పడిపోతే ప్రమాదంలో పడ్డట్టే. మాట ముద్దగా రావడం, అడుగు తడబడటం దాని గుర్తులు. గడగడా వణికే మనిషి వెచ్చబడకుండానే వణకడం ఆపేస్తే మెరుగైందనుకోకండి, ముదిరిందని అర్థం.

పైన మంచు కరిగే కొండల్లో వాగులు పొద్దున తక్కువగా ఉండి, ఎండెక్కేకొద్దీ పొంగుతాయి. వెళ్ళేటప్పుడు మడమ లోతున్న నీళ్ళు తిరిగొచ్చేటప్పటికి మోకాలు దాటవచ్చు.

సమయం లెక్కకి, 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. పది కిలోమీటర్ల నడకలో 600 మీటర్ల ఎక్కుడు ఉంటే మూడు గంటలు. అది కూడా అలవాటున్నవాళ్ళు ఆగకుండా నడిస్తే. స్నేహితుల గుంపుకి ఇంకో సగం కలపండి. శిఖరం అందినా అందకపోయినా వెనక్కి తిరిగే టైము కిందే ఖాయం చేసుకోండి. పైకెళ్ళాక దాన్ని మార్చకండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

- ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికల్లా రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి వెళ్ళండి.
- ప్రతి ఒక్కరి దగ్గరా టార్చ్ ఉండాలి. ఫోన్ లైటు టార్చ్ కాదు.
- సిగ్నల్ లేనిచోట ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ వెతుక్కుంటూనే బ్యాటరీ అయిపోతుంది. మావాడి ఫోన్ అలాగే చచ్చిపోయింది.
- మెడలో ఈల ఉండాలి. సాయం కావాలంటే ఆల్ప్స్ పర్వతాల్లో పాటించే పద్ధతిలో నిమిషానికి ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి. విన్నవాళ్ళు మూడుసార్లు ఊది బదులిస్తారు.
- ఉరుము వినపడిందంటే పిడుగు మీదాకా రాగలదు. ఎత్తైన చోటు నుంచి దిగిపోండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.
- ఒంటరి చెట్టు కింద నిలబడకండి.
- వాగు దాటేటప్పుడు బ్యాగు నడుము పట్టీ విప్పేయండి. పడితే బ్యాగు వదిలించుకోగలగాలి.
- నీళ్ళు మోకాలు దాటితే దాటకండి.
- దారి తప్పానని అనుమానం వస్తే అక్కడే ఆగండి. వాగు వెంట దిగిపోదామనుకోకండి, అది జలపాతం దగ్గరికి తీసుకెళ్ళవచ్చు.
- గోమారి కరిచి పట్టుకుంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిటారుగా లాగేయండి. నూనె పోయకండి, కాల్చకండి.
- తాగినవాణ్ణి ఎక్కించకండి.
- ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయకండి.
- మూత్రానికి పక్కకి వెళ్ళేవాళ్ళు చివరి మనిషికి చెప్పి వెళ్ళాలి, వచ్చేదాకా అతను కదలకూడదు.
- "నాకేం కాదు, మీరు వెళ్ళండి" అన్నవాణ్ణి ఒంటరిగా పంపకండి. నవ్వుతూ అన్నా పంపకండి. కోప్పడినా పంపకండి.
- కిందికి దిగాక మళ్ళీ తలలు లెక్కపెట్టండి. లెక్క సరిపోయేదాకా ఒక్క బండి కూడా కదలకూడదు.