పర్సనల్ ట్రైనర్‌గా సొంతంగా మొదలుపెట్టేవారికి ఉద్యం రిజిస్ట్రేషన్: దరఖాస్తు విధానం

జిమ్‌లో జీతానికి కొన్నాళ్లు పనిచేసి, నలుగురు క్లయింట్లు నమ్మకంగా కుదిరాక సొంతంగా చేసుకుందామనుకునే ట్రైనర్లు ఇప్పుడు హైదరాబాద్‌లోనే కాదు, విజయవాడ, వరంగల్, విశాఖ, తిరుపతిలోనూ కనిపిస్తున్నారు. వాళ్లకు ముందుగా ఉపయోగపడే ప్రభుత్వ కాగితం ఉద్యం రిజిస్ట్రేషన్. కేంద్ర ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) మంత్రిత్వ శాఖ 2020 జులై 1 నుంచి దీన్ని ఆన్‌లైన్‌లో ఇస్తోంది. దీనికి పైసా ఫీజు లేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, 'ఉద్యం' అని నెట్‌లో వెతికితే ప్రభుత్వ సైటులాగే కనిపించే ప్రైవేటు సైట్లు వరసగా వస్తాయి. మూడు రంగుల జెండా, అశోక స్తంభం లాంటి బొమ్మ, ఒక ఫారం, చివర్లో పేమెంట్ పేజీ. మీ ఆధార్, పాన్ వివరాలు వాళ్ల చేతికి ఇచ్చి, పైగా మీరే డబ్బు కట్టినట్టవుతుంది. అసలు సైటు ఒక్కటే: ఉద్యంరిజిస్ట్రేషన్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర 'గవ్ డాట్ ఇన్' లేకపోయినా, ఎక్కడైనా డబ్బు అడిగినా వెంటనే బయటికి వచ్చేయండి.

ఈ కాగితం దేనికి, దేనికి కాదు

ఉద్యం సర్టిఫికెట్ మీ వ్యాపారాన్ని సూక్ష్మ, చిన్న లేదా మధ్యతరహా సంస్థగా గుర్తిస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న లెక్క ప్రకారం యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలు, టర్నోవర్ 10 కోట్లు దాటనంత వరకు సూక్ష్మ సంస్థే. అంటే ఇంటింటికీ వెళ్లి ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు, చిన్న స్టూడియో పెట్టుకున్నవాళ్లు అందరూ ఇందులోకే వస్తారు.

ఇది మీ చదువుకో నైపుణ్యానికో ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. కొందరు బోర్డు మీద ఉద్యం నంబర్ వేసి 'ప్రభుత్వ గుర్తింపు పొందిన ట్రైనర్' అని రాసుకుంటున్నారు. అది తప్పు. ఆ మాట నమ్మి మోకాలి నొప్పి ఉన్న పెద్దావిడో, గుండెకు స్టెంట్ వేయించుకున్న పెద్దాయనో మీ దగ్గరికి రావచ్చు. మన దేశంలో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా పనిచేయడానికి డాక్టర్లకు ఉన్నట్టు తప్పనిసరి లైసెన్సు లేదు. అందుకే అర్హత మీరే సంపాదించుకోవాలి. నేషనల్ స్కిల్స్ క్వాలిఫికేషన్ ఫ్రేమ్‌వర్క్ (కేంద్ర ప్రభుత్వ నైపుణ్య అర్హతల వ్యవస్థ) కింద ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సులున్నాయి. యోగా నేర్పేవారికైతే ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు ఉన్నాయి. దానితోపాటు ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ నేర్చుకోండి. క్లయింట్ ఎదురుగా కుప్పకూలితే అప్పుడు పనికొచ్చేది అదే.

దరఖాస్తుకు ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, పని ఎక్కడ చేస్తారు? క్లయింట్ల ఇళ్లకు, అపార్ట్‌మెంట్ జిమ్‌లకు వెళ్లడమా, ఆన్‌లైనా, సొంత స్టూడియోనా? నా సలహా అడిగితే, మొదటి ఏడాది స్టూడియో జోలికి వెళ్లకండి. అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు నెలనెలా మీదపడతాయి. క్లయింట్లు మాత్రం సంక్రాంతికి ఊరెళ్తారు, పెళ్లిళ్ల సీజన్లో మానేస్తారు, ఎండాకాలం పిల్లల సెలవులకు ప్రయాణాలు పెట్టుకుంటారు. ఖర్చులేమో ఆగవు. కొన్ని డంబెల్స్, రెసిస్టెన్స్ బ్యాండ్లు, ఒక కెటిల్‌బెల్, రెండు మ్యాట్లు, బండి ఉంటే ఇళ్లకు వెళ్లి పని మొదలుపెట్టవచ్చు. ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది, ఈ రెండు పూటల్లో ట్రాఫిక్ సమయం తీసేస్తే ఎన్ని సెషన్లు పడతాయో కాగితం మీద వేసి చూడండి. మియాపూర్‌లో ఒక క్లయింట్, ఎల్బీ నగర్‌లో ఇంకొకరు అంటే ఆ పూట మొత్తం రోడ్డు మీదే పోతుంది. రెండు మూడు పక్కపక్క అపార్ట్‌మెంట్లు ఎంచుకోవడమే సగం ప్లానింగ్.

రెండోది, సంస్థ రూపం. ఒక్కరే చేసేటప్పుడు ప్రొప్రైటర్‌షిప్ చాలు. మీ పాన్ మీదే నడుస్తుంది, విడిగా కంపెనీ పెట్టక్కర్లేదు.

మూడోది, పేరు. ఉద్యంలో ఒక పేరు నమోదైనంత మాత్రాన దానిపై మీకు హక్కు రాదు. వేరే ఎవరైనా అదే పేరు ట్రేడ్‌మార్క్ చేసుకుని ఉంటే రేపు బోర్డు మార్చాల్సి వస్తుంది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో ఉచితంగా వెతికి చూసుకోండి. ట్రేడ్‌మార్క్ వర్గీకరణలో ట్రైనింగ్ సేవలు 41వ తరగతిలోకి వస్తాయి.

ఆధార్, పాన్ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు

దరఖాస్తుకు కావలసినవి ఆధార్, పాన్, ఆధార్‌కు లింకైన మొబైల్, ఈమెయిల్, బ్యాంకు ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. కాగితాలేవీ అప్‌లోడ్ చేయక్కర్లేదు, అంతా స్వీయ ధ్రువీకరణే. చూడ్డానికి తేలికే, కానీ మన తెలుగువాళ్లకు ఇంటిపేరుతో ఓ చిక్కుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క ఇంగ్లిష్ అక్షరంగా ఉంటుంది. పాన్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, ఒక్కోసారి పేరు తరువాత ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఒక కార్డులో పుట్టింటి పేరు, ఇంకోదానిలో అత్తింటి పేరు. ఫారంలో పేరును ఆధార్ కార్డు మీద ఉన్నట్టే, చుక్కలు, ఖాళీలతో సహా అలాగే కొట్టాలి. పాన్ దశలో పాన్ కార్డు మీద ఉన్నట్టు రాయాలి. పుట్టిన తేదీ కూడా రెండింట్లో సరిపోవాలి.

రెండు కార్డుల్లో తేడా పెద్దగా ఉంటే, ఉద్యం సైటుతో కుస్తీ పట్టకుండా ముందు కార్డు సరిచేయించుకోండి. పాన్, ఆధార్ లింక్ కాకపోతే పాన్ పనిచేయదు, అదీ చూసుకోండి. ఆధార్‌కు పాత ఫోన్ నంబర్ ఉంటే ఓటీపీ రాదు. ఆధార్ సేవా కేంద్రంలో గానీ, ఆధార్ సేవలున్న పోస్టాఫీసు, బ్యాంకుల్లో గానీ మార్పించుకోవచ్చు.

ఫారం నింపడం

సైటు తెరవగానే కొత్తగా రిజిస్టర్ అయ్యేవారి కోసం ఉన్న మొదటి లింకు నొక్కాలి. ఆధార్ నంబర్, పేరు ఇచ్చి ఓటీపీతో ధ్రువీకరించాలి. సంస్థ రకంలో ప్రొప్రైటరీ ఎంచుకుని, పాన్ ఇచ్చి సరిచూపించుకోవాలి. గత ఏడాది ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేశారా, జీఎస్‌టీ నంబర్ ఉందా అని అడుగుతుంది. లేకపోతే లేదనే చెప్పండి, దానివల్ల దరఖాస్తు ఆగదు.

తరువాత సామాజిక వర్గం, స్త్రీ పురుష వివరాలు, దివ్యాంగులా అన్న ప్రశ్నలు. వీటిని తొందరలో వదిలేయకండి. ఎస్సీ, ఎస్టీ, మహిళా పారిశ్రామికవేత్తలకు ఉన్న పథకాలకు దరఖాస్తు చేసేటప్పుడు ఇక్కడి వివరమే చూస్తారు.

సంస్థ పేరు, యూనిట్ పేరు, చిరునామా నింపాలి. స్టూడియో లేకపోతే ఇంటి చిరునామానే ఇవ్వవచ్చు. మ్యాపు మీద ఆ చోటును గుర్తించమంటుంది. వ్యాపారం మొదలైన తేదీ నిజంగా మొదటి క్లయింట్‌ను తీసుకున్న తేదీ అయితే మంచిది. బ్యాంకు వివరాల దగ్గర కరెంట్ ఖాతా లేదే అని ఆగిపోవద్దు, మీ పేరు మీదున్న సేవింగ్స్ ఖాతా ఇవ్వండి. తరువాత మార్చుకోవచ్చు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటుకొచ్చాం. ప్రధాన కార్యకలాపం 'సర్వీసెస్' అని, అందులో ట్రేడింగ్ కాదు అని ఎంచుకోవాలి. ప్రొటీన్ పౌడర్లు కూడా అమ్ముతాను కదా అని ట్రేడింగ్ నొక్కితే, ఆలస్యంగా డబ్బిచ్చే కంపెనీల మీద ఫిర్యాదు చేసే రక్షణ (దాని సంగతి కింద చెబుతాను) పోతుంది, అది ట్రేడింగ్‌కు వర్తించదు. (పౌడర్లు అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కూడా కావాలి. మొదట్లో ఆ పని పెట్టుకోకపోవడమే మేలు.) ఆ తరువాత ఎన్‌ఐసీ కోడ్, అంటే మీది ఏ రకం వ్యాపారమో చెప్పే ప్రభుత్వ వర్గీకరణ అంకె. యోగా, క్రీడలు, వ్యాయామ శిక్షణ 85410 కిందికి వస్తుంది. స్టూడియో నడిపేవారు 93తో మొదలయ్యే క్రీడా, వినోద సేవల కోడ్ కూడా కలపవచ్చు, ఒకటి కంటే ఎక్కువ కోడ్‌లు పెట్టుకోవచ్చు. కోడ్ గుర్తులేకపోతే అక్కడే ఉన్న వెతుకుడు పెట్టెలో పదం కొట్టినా చూపిస్తుంది.

పనిచేసేవారి సంఖ్య మీరొక్కరే అయితే ఒకటి. పెట్టుబడి దగ్గర పరికరాలు కొన్న ధర జీఎస్‌టీ తీసేసి వేయాలి. స్థలం, భవనం, ఫర్నిచర్ లెక్కలోకి రావు. కొత్త వ్యాపారానికి టర్నోవర్ సున్నా రాయవచ్చు. బ్యాంకు లోను పెద్దదొస్తుందని అంకెలు పెంచి రాయకండి. తప్పుడు వివరాలిస్తే 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం 27వ సెక్షన్ కింద జరిమానా ఉంది. పైగా రిటర్నులు వేసిన తరువాత మీ పాన్ ద్వారా అసలు లెక్క వాళ్లకు తెలిసిపోతుంది.

చివర్లో జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని ఎంచుకుని, ఓటీపీ ఇచ్చి సమర్పిస్తే రిజిస్ట్రేషన్ నంబర్ వస్తుంది. 'ఉద్యం' అనే పదం, రాష్ట్రం అక్షరాలు, జిల్లాకు రెండంకెలు, ఆ తరువాత ఏడంకెలు ఇలా ఉంటుంది. క్యూఆర్ కోడ్ ఉన్న ఈ-సర్టిఫికెట్‌ను డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఒక సంస్థకు ఒకే ఉద్యం రిజిస్ట్రేషన్, రెండోది తీసుకోకూడదు. దీనికి గడువు లేదు, రెన్యువల్ లేదు. 'మీ ఉద్యం ఎక్స్‌పైర్ అవుతోంది, ఈరోజే డబ్బు కట్టండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమే.

చేతికొచ్చాక

సంస్థ పేరు మీద కరెంట్ ఖాతా తెరవడానికి ప్రొప్రైటర్‌షిప్ అయితే వ్యాపారానికి సంబంధించిన రెండు ఆధారాలు బ్యాంకులు అడుగుతాయి. రిజర్వ్ బ్యాంకు కేవైసీ నిబంధనల్లో ఉద్యం సర్టిఫికెట్ అందులో ఒకటి. రెండు ఇవ్వడం కుదరదని బ్యాంకు నమ్మితే ఒక్కదానితోనూ తెరవవచ్చన్న వెసులుబాటు అదే నిబంధనల్లో ఉంది. మేనేజర్‌ను మర్యాదగా అడగండి. వ్యాపారం డబ్బు ఇంటి ఖర్చులతో కలవకుండా ఈ ఖాతా ఎంత కాపాడుతుందో మొదటి ఏడాదిలోనే తెలుస్తుంది.

పరికరాలకు లోను కావాలంటే ముద్రా పథకంలో శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. పరికరాల కొటేషన్, ఏ అపార్ట్‌మెంట్లలో ఎంతమంది క్లయింట్లున్నారో, నెలకు ఎంత వస్తోందో చూపించే ఒక పేజీ లెక్క వెంట తీసుకెళ్లండి. క్లయింట్లు యూపీఐలో పంపిన మొత్తాలు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే మీ మాటకు బలం వస్తుంది.

జీఎస్‌టీ గురించి చాలామందికి అనవసరపు టెన్షన్ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఉదాహరణకు నెలకు 8,000 చొప్పున పదిమంది క్లయింట్లుంటే ఏడాదికి 9.6 లక్షలే. బెంగళూరులో ఒక క్లయింట్‌కు ఆన్‌లైన్ క్లాసులు చెప్పినా ఇదే పరిమితి. ఇది లాభం మీద కాదు, వచ్చిన మొత్తం మీద లెక్క. దాటాక జిమ్, యోగా, ఫిట్‌నెస్ సెంటర్ సేవలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఇన్‌పుట్ క్రెడిట్ మాత్రం లేదు. అంటే ట్రెడ్‌మిల్ కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీ వెనక్కి రాదు.

స్టూడియో పెడితే ఉద్యంతో పని పూర్తవదు. మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖ రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. ఇల్లు అద్దెకు తీసుకుని అందులో జిమ్ పెడితే కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీకి, ఆస్తిపన్ను నివాసేతరానికి మారతాయి. ఆ ఖర్చు ఎవరు భరించాలో అగ్రిమెంటులోనే రాయించుకోండి.

ఐటీ కంపెనీల్లో ఉద్యోగులకు గ్రూప్ సెషన్లు చెప్పేవారికి ఉద్యం విలువ ఇంకా బాగా తెలుస్తుంది. సెషన్లు అయిపోతాయి, బిల్లు పంపుతారు, అకౌంట్స్ వాళ్లు 'ప్రాసెస్‌లో ఉంది' అంటూ నెలలు గడిపేస్తారు. చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో రాసుకున్న గడువులోపు, ఎంతైనా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా ఇవ్వాలి. ఫిర్యాదు ఈ బకాయి గొడవలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు. అందుకే కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఉద్యం చేతిలో ఉండాలి. ఒప్పందం తరువాత తీసుకుంటే అప్పటికే అందించిన సేవల బిల్లుకు ఈ రక్షణ వర్తిస్తుందా అన్నది కోర్టుల్లో గొడవ పడిన విషయం. ప్రతి బిల్లు మీదా ఉద్యం నంబర్ వేయడం అలవాటు చేసుకోండి. దాన్ని చూశాక చాలా కంపెనీలు మీ బిల్లును పక్కన పెట్టే ముందు ఆలోచిస్తాయి.

ఏటా ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేశాక ఉద్యంలోకి వెళ్లి టర్నోవర్, పెట్టుబడి వివరాలు అప్‌డేట్ చేయాలి. ఇల్లు మారినా, సేవింగ్స్ ఖాతా స్థానంలో కరెంట్ ఖాతా వచ్చినా, స్టూడియో తెరిచినా అక్కడే మార్చుకోవచ్చు. సైటు అర్థం కాకపోతే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి, అక్కడ సాయం చేస్తారు. అప్‌డేట్‌కూ ఫీజు లేదు.