చంటిబిడ్డ తండ్రి ఆదివారం ఆరాధనకు ఏం తొడుక్కోవాలి

తెల్ల చొక్కా, గంజి పెట్టిన కాలరు, టక్, బెల్టు, లేసుల బూట్లు. పెళ్లయిన కొత్తలో చర్చికి ఇలా వెళ్తే ఇబ్బందేమీ ఉండదు. చంకకు బిడ్డ ఎక్కాక మాత్రం వీటిలో తెలుపు ఒక్కటి ఉంచుకుని మిగతావి మార్చుకోవాలి. చొక్కా పాడవుతుందని బిడ్డను ఆడవాళ్ల వైపు పంపేసే తండ్రులు చాలామంది ఉన్నారు. అలా చేస్తే తల్లి వాక్యం వినలేదు. రెండు మూడు గంటలు బిడ్డను మీరే పట్టుకుని కూర్చోగలిగేలా బట్టలు ఉండాలి.

ముందు గంజి మానేయండి. భుజం మీద నిద్రపోయే బిడ్డ చెంప గట్టి కాలరుకు ఒరుసుకుని ఎర్రగా కందుతుంది. గంజి లేకపోతే నలుగుతుందనుకుంటే కాటన్, పాలిస్టర్ కలిసిన బట్ట తీసుకోండి. పూర్తి పాలిస్టర్ వద్దు, చెమట పీల్చదు. ఎండాకాలంలో బిడ్డను హత్తుకున్నచోట తడిసి ఒంటికి అంటుకుపోతుంది. కుట్టించుకుంటే 58 అంగుళాల పన్నాలో 1.60 మీటర్లు సరిపోతుంది. ఛాతీ దగ్గర 2 అంగుళాలు అదనంగా లూజు పెట్టమని, కింది అంచు తిన్నగా కుట్టమని టైలరుకు చెప్పండి. టక్ చేసిన చొక్కా బిడ్డను ఎత్తిన ప్రతిసారీ ఓ పక్క బయటికొస్తుంది. అంచు తిన్నగా ఉంటే పైకి వదిలేసినా మర్యాదగానే ఉంటుంది. లాల్చీ వేసుకునేవారికి ఈ తంటానే లేదు.

జేబులో పెన్ను ఉంచకండి, బైబిల్ జిప్ కవరులో పెట్టుకోండి. గుండీలన్నీ శనివారం రాత్రే ఒక్కొక్కటి లాగి చూడండి. పళ్లొచ్చే బిడ్డ నోటికి మొదట అందేవి అవే, ఊడితే గొంతుకు అడ్డం పడతాయి.

నేల మీద పరిచిన పట్టాలపై కూర్చునే సంఘమైతే ప్యాంటే అసలు సమస్య. తొడ దగ్గర బిగుతుగా ఉంటే బాసింపట్టు వేసుకున్న కాసేపటికే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పాటకు లేవబోయి బిడ్డతో సహా తూలుతారు. ప్లీట్లున్న లూజు ప్యాంటో పైజమానో మేలు. బెల్టు బకిల్ బిడ్డ కాలికి నొక్కుకుంటుంది కాబట్టి నడుముకు ఎలాస్టిక్ వేయించండి. బయట చెప్పులు విడిచేచోట ఒక చేత్తో లేసులు విప్పలేరు, తొడిగి విడిచే చెప్పులే సుఖం. మేజోళ్లు కూడా అక్కడే తీసేయండి, గ్రానైట్ నేల మీద జారతాయి.

బిడ్డకు పాలు పట్టించి, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, ఆ తర్వాతే చొక్కా తొడగండి. అప్పటిదాకా బనియన్ చాలు. సంచిలో మీకోసం ఒక చొక్కా, రెండు మెత్తటి నూలు తువ్వాళ్లు ఉండాలి. ఒక తువ్వాలు భుజం మీద వేసుకుంటే సగం వీపుదాకా జారాలి, ఎందుకంటే కక్కిన పాలు వెనక్కే కారతాయి. బాప్తిస్మానికో, బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠకో ముందుకు తీసుకెళ్లే రోజున ఈ తువ్వాలు ఇంకా అవసరం. ఫొటోల కోసం తీసేయొద్దు. బిడ్డ ముక్కు మీ మెడ దగ్గరే ఉంటుంది, సెంటు కూడా వద్దు.

పాల మరకను చన్నీళ్లతోనే కడగాలి. వేడినీళ్లు పోస్తే పాలలోని ప్రోటీను గట్టిపడి నూలుకు పట్టేస్తుంది. ఆ మరక మీద బ్లీచింగ్ వేస్తే తెల్లబట్ట పసుపు తిరుగుతుంది. వెనక వైపు నుంచి నీళ్లు ధారగా పోసి, చన్నీళ్లలో డిటర్జెంట్ కలిపి అరగంట నానబెట్టి ఉతకండి. ప్రభువు బల్ల దగ్గర బిడ్డ చెయ్యి తగిలి ద్రాక్షరసం ఒలికితే రుద్దకండి, మరక పెద్దదవుతుంది. తువ్వాలుతో అద్ది, ఆరాధన అవగానే చన్నీళ్లు పోయండి. నీలిమందు ఆఖరి నీళ్లలోనే వేయాలి. మరక జాడ కొంచెం కనిపించినా ఇస్త్రీ చేయకండి, మళ్లీ నానబెట్టండి. ఇస్త్రీ వేడి తగిలిన మరక ఇక వదలదు.